కంప్యూటరు బస్సు: వేగము, జాగ్రత్త

ఇంటిలో కంప్యూటరున్నవారికి దాని వేగము చాలదను చింత ఎప్పుడో ఒకప్పుడు కలుగును. క్రొత్తది కొనుటకు మారుగా ఉన్నదానినే మరికొంత వడిగా నడిపింపవచ్చునని మిత్రులు చెప్పుదురు. ఖర్చులేని ఈ మార్గమును ఒకప్పుడు మేమును త్రొక్కితిమి. అందలి మంచిచెడ్డలను శ్రోతలకు మనవి చేయుటయే నేటి మా ఉద్దేశము.

కంప్యూటరు భాగములన్నియు మదర్‌బోర్డు అను పలకపై కూర్పబడి యుండును. తెరకు బొమ్మలను పంపు కార్డు, ధ్వనిని పలికించు కార్డు, డిస్కును నడుపు భాగము మొదలగువాని నడుమ సమాచారము ప్రవహించు తీగల దారిని బస్సు అందురు. వీధిలో తిరుగు బస్సునకును దీనికిని పేరు ఒక్కచోటనే పుట్టినది. ఆమ్నిబస్ అను లాటిను మాటకు 'అందరికొరకు' అని అర్థము. ఆ అర్థమును మరచుటవలననే మాకు నష్టము కలిగినది.

బస్సు ఒక తాళము ననుసరించి నడచును. 1992లో ఇంటెల్ సంస్థ వెలువరించిన పీసీఐ బస్సునకు మామూలు తాళము 33 మెగాహెర్ట్‌జులు; అనగా సెకనుకు 3 కోట్ల 30 లక్షల దెబ్బలు. దెబ్బకును దెబ్బకును నడుమ వ్యవధి సుమారు 30 నానోసెకండ్లు. ప్రతి కార్డును ఆ గడువును పాటింపవలెను.

ఆనాటి బోర్డులలో ప్రాసెసరు వెలుపలి తాళమును భాగించి బస్సు తాళమును తీసెడివారు. వెలుపలి తాళము 66 అయినచో అందు సగము 33. అది 100 అయినచో మూడవవంతు, అదియు 33. చిక్కంతయు ఈ రెంటి నడుమనే కలదు. బయాస్ అను ప్రారంభపు అమరికలలో 66ను 83గా మార్చినచో, భాజకము రెండుగనే యుండుటచే, బస్సు తాళము 41 దాటును. 30 నానోసెకండ్ల గడువు 24కు తగ్గును.

మేము చేసినది ఇదియే. యంత్రము లేచినది, ఆటలు వడిగా నడచినవి, మేము మురిసితిమి. కచేరీలో గాయకుడు కాలము పెంచినచో వయొలినును మృదంగమును వెంట పరుగిడవలెను గదా! మా యింట వెనుకబడినది డిస్కును నడుపు భాగము. అది ఆగిపోయినను బాగుండెడిది. ఆగక, కొన్ని వారములపాటు తప్పులు వ్రాసికొనుచు పోయినది. మా తాతగారు చెప్పుచుండగా టైపుచేసి దాచిన కుటుంబవృత్తాంతమును ఒకనాడు తెరచితిమి. సగము పుటలలో అక్షరములకు మారు అర్థములేని గుర్తులుండెను. తాళమును తిరిగి 66కు తెచ్చితిమి, యంత్రము కుదుటపడినది. పుటలు మాత్రము రాలేదు. మరల చెప్పుటకు తాతగారు అప్పటికి లేరు.

తరువాతి బోర్డులలో బస్సు తాళమును విడిగా బిగించియుంచు ఏర్పాటు వచ్చినది. 2002 నాటి ఎన్‌ఫోర్స్-2 బోర్డులలో అది కలదు. 2003లో వెలువడిన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ప్రతి కార్డునకును వేరు దారి యున్నను, మూలతాళము 100 మెగాహెర్ట్‌జులు. 2011లో వచ్చిన ఇంటెల్ శాండీబ్రిడ్జ్ యంత్రములలో ఆ మూలతాళము పలుభాగములకు ఉమ్మడిదగుటచే, కొద్ది శాతము పెంచునప్పటికే చిక్కులు మొదలగును.

కావున ఈ పనికి పూనుకొనువారు ముందుగా తమ వ్రాతలకును చిత్రములకును నకలు తీసి, యంత్రమునకు వెలుపల దాచవలెను. బస్సు తాళమును బిగించు అమరిక యున్నచో దానిని ప్రమాణమునందే యుంచవలెను. ప్రాసెసరు గుణకమును పెంచు వీలున్నచో, బస్సును కదపక దానినే కొంచెముకొంచెముగా పెంచవలెను. మెట్టుమెట్టునకును పెద్ద ఫైలు నొకదానిని నకలుచేసి, మూలముతో సరిపోల్చి చూడవలెను. యంత్రము అసలే లేవనిచో భయపడనక్కరలేదు. విద్యుత్తు తీసివేసి, బోర్డు పుస్తకములో చెప్పినట్లు అమరికలను చెరిపినచో అవి తొలిస్థితికి వచ్చును.

లేవని యంత్రమును లేపవచ్చును. లేచి, నడచుచు, తప్పు వ్రాయుచున్న యంత్రము విషయముననే శ్రోతలు మెలకువతో నుండవలెనని మా మనవి.