ఊరి పెట్టుబడి – ఇంటి పెట్టుబడి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాబట్టి లెక్కల మాటే చెబుతాను.

మనది వానను నమ్ముకున్న నల్లరేగడి నేల. 1876 నాటికి మదురై–తూత్తుకుడి రైలు దారి మన రెండు ఊళ్ళ మీదుగా పడింది. ఆ తరువాతే విరుదునగర్ మిరప, పప్పులు, నూనెల వ్యాపారానికి, కోవిల్‌పట్టి నూలు మిల్లులకు, అగ్గిపెట్టెలకు పేరు పొందాయి. 1974లో తూత్తుకుడి మేజర్ పోర్టు అయింది. తరువాత నాలుగు వరుసల రహదారి వచ్చింది. 2023లో కేంద్రం ప్రకటించిన 7 పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల్లో ఒకటి విరుదునగర్ జిల్లా ఇ.కుమారలింగపురానికి దక్కింది. దాని విస్తీర్ణం 1,052 ఎకరాలు. 2025 జూలైలో తూత్తుకుడి విమానాశ్రయానికి కొత్త టెర్మినల్, ఆగస్టులో అక్కడే విన్‌ఫాస్ట్ ఎలక్ట్రిక్ కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాయి.

సంతోషమే. కానీ పునాదిరాయి నియామకపత్రం కాదు. రోడ్డు, రేవు, పార్కు ముందు ఖర్చు, చాలా ఏళ్ళ తరువాతే రాబడి. చదువూ అంతే. అందుకే విద్యా రుణంలో కోర్సు కాలం, ఆపై ఒక సంవత్సరం బ్యాంకు వాయిదాలు అడగదు.

ఫ్యాక్టరీ వస్తోందనగానే కొన్ని ఇళ్ళలో రెండు పనులు జరుగుతాయి. ప్లాటుకు అడ్వాన్సు ఇస్తారు. లేదా పిల్లవాణ్ణి చదువు మాన్పించి పనిలో పెడతారు. పిల్లల ఫీజుకని దాచిన డిపాజిట్టును గడువుకు ముందే తీసి స్థలానికి కట్టినవారిని నా కౌంటరు దగ్గరే చూశాను. స్థలం ధర పెరగవచ్చు, పెరగకపోవచ్చు. పోయిన కాలేజీ సంవత్సరం మాత్రం తిరిగి రాదు.

మిల్లులో రోజు కూలికి చేరినవాడికీ, అదే మిల్లులో యంత్రం బాగుచేసే ఐటీఐ కుర్రాడికీ, ఎగుమతి కాగితాలు చూసే బి.కాం. అమ్మాయికీ జీతం ఒకటి కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మీరు ఇంగ్లీషును కూడా గట్టిగా పట్టుకోండి.

తల్లిదండ్రులారా, విద్యా రుణం నమూనా పథకంలో 4 లక్షల వరకు మార్జిన్ అక్కర్లేదు. కేంద్ర హామీ నిధి కింద 7.5 లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా ఇస్తారు. అయితే వాయిదాలు లేని కాలంలోనూ వడ్డీ నడుస్తుంది. నెలనెలా ఆ వడ్డీ కట్టగలిగితే తరువాతి భారం తగ్గుతుంది. వడ్డీ వ్యాపారి గడప తొక్కే ముందు బ్యాంకుకు వెళ్ళి అడగండి.

నేడు మీరు అందుకునే చెక్కు చిన్నదే కావచ్చు. దాన్ని ఫీజుకే వాడండి. రేపు మీరు సంపాదించే రోజున మరొక బిడ్డ ఫీజు మీ చేతుల మీదుగా కట్టండి.