పేరు ఎవరు రాస్తారు, ఎవరు కొట్టేస్తారు?

(శావల్యాపురంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కు, కూలి రేట్లు, గృహహింస చట్టం గురించి మాట్లాడుకునే సభలో సినిమా జాబితాల మీద ప్రసంగం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. పాసు పుస్తకంలో స్త్రీ పేరు లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పొలంలో ఆమె ముప్పై ఏళ్లు మిరపకాయలు కోసి ఉండవచ్చు. రికార్డు దృష్టిలో మాత్రం ఆమె రైతు కాదు. పాట, నాటకం, సినిమా రంగాల్లో పనిచేసిన స్త్రీల పరిస్థితి కూడా ఇదే. అయితే ఒక తేడా ఉంది. ఈ రికార్డును తహసీల్దారు ఆఫీసు రాయదు. మనలాంటి మామూలు మనుషులే రాస్తున్నారు, వాళ్లే సరిచూస్తున్నారు. కాబట్టి దీన్ని మార్చడం కొంతవరకైనా మన చేతుల్లో ఉన్న పని.

ఎవరైనా సమాచారం చేర్చగల సినిమా సమాచార నిధి ఒకదానిలో, వచ్చిన చేర్పులను పరిశీలించే పనిని కొన్నేళ్లుగా జీతం లేకుండా చేస్తున్నాను. ఫలానా సినిమాలో ఫలానా ఆమె నటించిందని ఒకరు రాసి పంపుతారు. అది నిజమా కాదా అని చూసి ఉంచడమో, తీసేయడమో పరిశీలకుల పని. ప్రపంచమంతా వాడే ఐఎండిబి మొదట్లో ఇలా స్వచ్ఛందంగా పనిచేసేవారితోనే నడిచింది. 1998లో అమెజాన్ కంపెనీ దాన్ని కొనేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని సినిమా వ్యాసాలు ఈనాటికీ స్వచ్ఛంద శ్రమ మీదే ఆధారపడి ఉన్నాయి.

ఐఎండిబి పుట్టుకను గమనించండి. 1990 ప్రాంతంలో కొల్ నీడమ్ అనే ఇంగ్లండు యువకుడు, ఆయనలాంటి మరికొందరు సినిమా అభిమానులు కంప్యూటర్ల ద్వారా జాబితాలు పంచుకునేవారు. దానికి బీజం అందమైన కళ్లున్న నటీమణుల గురించిన చర్చ. నటుల జాబితా, దర్శకుల జాబితా ఆ తరువాత వచ్చాయి. మొదట్లో బతికి ఉండి, ఇంకా నటిస్తున్నవారికే ఆ జాబితాల్లో చోటు. అంటే స్త్రీ ఈ రికార్డులోకి తన పనితో రాలేదు, కళ్లతో వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిపోయినా ఆ చూపు పూర్తిగా మారలేదని నా దగ్గరకొచ్చే చేర్పులు రోజూ చెబుతుంటాయి.

ఏమేం వస్తాయి?

ఎక్కువ భాగం హీరోల అభిమానులు పంపేవే. వసూళ్ల అంకెలు, వంద రోజుల కేంద్రాలు, లేని బిరుదులు. ఒకటి తీసేస్తే పది వస్తాయి. వీటితోనే సగం కాలం గడిచిపోతుంది. స్త్రీల విషయంలో సమస్య వేరు. వారి గురించి వచ్చేదే తక్కువ, వచ్చినదాంట్లో కలగాపులగం ఎక్కువ.

మన సినిమాల్లో ముగ్గురు జానకిలున్నారు. ఎస్. జానకి గాయని. 1950 నాటి సినిమా పేరే ఇంటిపేరుగా మారిన షావుకారు జానకి నటి. డబ్బింగ్ జానకి మరొక నటి. ఒకరి సినిమాలు తెచ్చి మరొకరి ఖాతాలో వేస్తారు. ఎస్. వరలక్ష్మి, జి. వరలక్ష్మి ఇద్దరూ పాడారు, ఇద్దరూ నటించారు. వారినీ ఒకరిగా కలిపేస్తారు. హీరోల విషయంలో ఇలాంటి పొరపాటు జరిగితే గంటలో అభ్యంతరాలు వచ్చిపడతాయి. వీరి విషయంలో నెలలు గడిచినా అడిగేవారుండరు.

మన పల్నాడు కథనే తీసుకోండి. ‘పల్నాటి యుద్ధం’ పేరుతో రెండు సినిమాలున్నాయి. 1947 నాటి దానిలో నాయకురాలు నాగమ్మ కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి. పేరు ఒకటే కావడంతో ఒకదాని నటవర్గం మరొకదానిలో చేరుతుంది. సరిచేయాలంటే రెండు సినిమాల టైటిళ్లూ చూసిన మనిషి కావాలి.

భానుమతి గురించి వచ్చే చేర్పుల్లో సాధారణంగా ‘నటి, గాయని’ అని ఉంటుంది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసిన దర్శకురాలు ఆమె. సావిత్రికి సంబంధించి ఆమె విషాదం గురించి పేజీలకు పేజీలు వస్తాయి. 1968లో ఆమె దర్శకత్వం వహించిన ‘చిన్నారి పాపలు’, దానికి పి. లీల చేసిన సంగీతం గురించి ఒక్క వాక్యం రావడం కష్టం. నటన, గానం స్త్రీకి సహజమనీ, దర్శకత్వం, నిర్మాణం, సంగీతం మగవారి పనులనీ మనసులో ముందే గీసిపెట్టుకున్న గీత ఇది. జాబితా పంపేవారికి ఆ గీత ఉన్నట్టు కూడా తెలియదు.

చెప్పమన్నది ఎవరు?

స్త్రీల పని గురించి ఇంత తక్కువ రాసేవారు వారి వ్యక్తిగత జీవితం గురించి మాత్రం ఉదారంగా రాస్తారు. వయసు, కులం, ఎన్ని పెళ్లిళ్లు, ఎవరితో స్నేహం, ఏ జబ్బు. ‘ఆమె కులం ఎందుకు తీసేశావు, నిజమే కదా’ అని నిలదీస్తారు. నిజం కావడం ఒక్కటే చాలదు. అది ఎవరు చెప్పవలసిన నిజం అన్నది కూడా ప్రశ్నే. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

వయసు చిన్న విషయమనుకోకండి. తన అసలు వయసు బయటపెట్టడం వల్ల అవకాశాలు పోయాయని ఒక అమెరికన్ నటి 2011లో ఐఎండిబి మీద దావా వేసి, 2013లో ఓడిపోయింది. వయసు వివక్షను అరికట్టాలని కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో ఒక చట్టం చేసింది. డబ్బు కట్టి చేరిన నటీనటులు కోరితే ఇలాంటి నిధులు వారి వయసు తొలగించాలని దాని సారాంశం. అది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కోర్టులు 2018లోనూ, అప్పీలులో 2020లోనూ కొట్టివేశాయి. ఆ వాదనలో బలం లేకపోలేదు. నిజాన్ని ప్రచురించకుండా ఆపే చట్టం రేపు మన పత్రిక మీదకీ రావచ్చు. అందుకే ఈ విషయంలో చట్టం కంటే పరిశీలకుల విచక్షణ ఎక్కువ పనిచేయాలి. ఆ విచక్షణ ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ఆధారం అనే గోడ

ఆధారం లేనిదే ఏదీ చేర్చకూడదన్నది ఈ నిధుల మొదటి నియమం. అభిమానుల అంకెల వరద నుంచి మమ్మల్ని కాపాడేది అదే. దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఆధారాలు ఎక్కడ తయారవుతాయి, ఎవరి గురించి తయారవుతాయి అని అడగకపోతే అదే నియమం స్త్రీలకు గోడ అవుతుంది.

2018లో డోనా స్ట్రిక్లండ్ అనే కెనడా శాస్త్రవేత్త మీద ఎవరో ఇంగ్లీషు వికీపీడియాకు వ్యాసం పంపారు. ఆమె ప్రాముఖ్యాన్ని నిరూపించే ఆధారాలు చాలవని పరిశీలకులు తిరస్కరించారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పరిశీలకులు నియమం ప్రకారమే నడిచారు. ఆమె గురించి అంతవరకు రాయవలసినవారు రాయలేదు. బయటి నిర్లక్ష్యానికి లోపలి నియమం ముద్ర వేసింది.

అచ్చులో ఉన్నదంతా నిజమూ కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు వెతికి, 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని నిరూపించారు. సురభి కమలాబాయి నటించిన అంత ముఖ్యమైన సినిమాకే ఈ గతి పడితే, దానిలో గుంపులో నిలబడిన స్త్రీల సంగతి ఏమిటి?

కొన్నిసార్లు ఆధారమే అబద్ధం చెబుతుంది. 1949లో ‘మహల్’ హిందీ సినిమా పాట రికార్డు మీద గాయని పేరుగా ‘కామిని’ అని వేశారు. అది సినిమాలోని పాత్ర పేరు. పాడినది లతా మంగేష్కర్. మరికొన్నిసార్లు ఖాళీయే అబద్ధం చెబుతుంది. బొంబాయి సినిమా రంగంలో దశాబ్దాల పాటు స్త్రీలకు మేకప్ కళాకారులుగా యూనియన్ కార్డు ఇవ్వలేదు. హెయిర్ డ్రెస్సర్లుగా మాత్రమే ఇచ్చారు. చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు 2014 నవంబరులో ఆ నిబంధనను కొట్టివేసింది. ఆ సినిమాల జాబితాలు చూసి స్త్రీలకు ఆ పని చేతకాదనో, ఇష్టం లేదనో రేపు ఒక పరిశోధకుడు రాయవచ్చు. అది నిషేధం ఫలితమని జాబితా చెప్పదు.

మన దగ్గర చూడండి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మీద తెల్లవార్లూ ఆడే అమ్మాయిలు, ఊరూరా పౌరాణిక నాటకాల్లో చంద్రమతి వేషం కట్టిన స్త్రీలు ఏ జాబితాలోనూ లేరు. కరపత్రంలో హార్మోనిస్టు పేరు, దాత పేరు ఉంటాయి. ఆమె పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

పరిశీలకుల శ్రమ

ఈ పనికి జీతం లేదు, కృతజ్ఞత లేదు. చెత్త ఏరడం, తుడవడం, మళ్లీ పడితే మళ్లీ తుడవడం. ఇంటిచాకిరీ లాగే, చేస్తే కనబడదు, చేయకపోతే కనబడుతుంది. తిరస్కరించినవారు స్త్రీ అని తెలిస్తే వచ్చే తిట్ల భాష మారిపోతుంది. మగ పరిశీలకుడికి ‘నీకు సినిమా తెలియదు’ అంటారు. నాకు ఏమంటారో ఇక్కడ చెప్పనక్కర్లేదు, మీరు ఊహించగలరు. ఫిర్యాదు చేస్తే ‘పట్టించుకోకండి మేడమ్’ అన్నదే నిర్వాహకుల సమాధానం. విసిగి చాలామంది స్త్రీలు తప్పుకుంటారు. వికీపీడియాలో రాసేవారిలో స్త్రీలు పదోవంతు కూడా లేరని 2011లో దాన్ని నడిపే సంస్థ జరిపిన సర్వేలోనే తేలింది. తప్పుకున్నవారి స్థానంలో నిర్ణయాలు ఎవరు చేస్తారో వేరే చెప్పాలా?

మనం చేయగలిగింది

పరిశీలకులుగా ఉన్నవారు కొన్ని పద్ధతులు పెట్టుకోవచ్చు. ‘ఆధారం లేదు’ అని ఒక్క మాటతో కొట్టేయకుండా, ఎలాంటి ఆధారం కావాలో చెప్పి చేర్పును కొంతకాలం నిలిపి ఉంచాలి. సినిమా టైటిళ్లు, హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం, ఆనాటి పత్రికా ప్రకటన, ఆ తరువాతే ఎవరో రాసుకున్న జ్ఞాపకాలు అన్న వరుస పాటించాలి. తాను స్వయంగా బయటికి చెప్పని కులం, వయసు, పెళ్లి వివరాలను బతికున్న ఏ స్త్రీ ఖాతాలోనూ చేర్చకూడదు. వేధింపులకు రాతపూర్వకమైన నియమం, దాన్ని అమలుచేసే మనుషులు ఉండాలి.

ఓపికగా కూర్చిన జాబితాకు బలం ఉంటుంది. 2016లో పి. సుశీలకు 17,695 పాటలతో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. దాని వెనుక అభిమానులు కూర్చిన పాటల జాబితా ఉంది. అభిమానం అంకెలు పెంచడానికే కాదు, లెక్క సరిచూడడానికీ పనికొస్తుందని వారు చూపారు.

అయితే జాబితాల్లోకి ఎన్నడూ రాని స్త్రీల కోసం మనమే ఆధారాలు తయారుచేయాలి. ఇది మనకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేయకపోతే, ఆ స్త్రీల గురించి ఈనాడు ఏ పరిశోధకులు ఏం చూపించగలిగేవారు?

మీరు ఊళ్లు తిరుగుతారు. మీ సంఘాల్లోనే ఒకప్పుడు నాటకాలాడినవారు, బృందగానాల్లో పాడినవారు, డాన్సు ట్రూపుల్లో పనిచేసినవారు ఉంటారు. వారి దగ్గర కూర్చోండి. ఏ పేరుతో తనను రాయమంటుందో ఆమెనే అడగండి. ఏ ట్రూపు, ఏ వేషాలు, ఏ సంవత్సరాలు, రాత్రికి ఎంత ఇచ్చారు, ఎంత ఎగ్గొట్టారు అన్నీ రాసుకోండి. పాత కరపత్రం, ఫోటో ఉంటే ఫోటో తీసుకుని అసలు ఆమెకే ఇచ్చేయండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి. వద్దన్నది తీసేయండి. అసలు తన పేరే వద్దంటే, ఆ కారణంగా ఆమెకు ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఇబ్బంది ఉందంటే, అక్కడితో ఆగిపోండి. గుర్తుండే హక్కుతో పాటు గుర్తు చేయవద్దనే హక్కూ ఆమెదే.

సరేనన్నవారి వివరాలను ఇలాంటి పత్రికల్లో తేదీతో, రాసినవారి పేరుతో అచ్చువేద్దాం. అప్పుడు వారి పేరు పంపినవారికి ‘ఆధారం ఏది’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు చూపించడానికి ఒక పేజీ ఉంటుంది. మీలో ఇద్దరు ముగ్గురైనా ఆ పరిశీలకుల వరుసలో వచ్చి కూర్చుంటే, ఆ పేజీని తెరిచి చదివే మనిషి కూడా ఉంటుంది.