ఇనుప భీముడు - మరబొమ్మ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా మూతపడని ఈ గ్రంథాలయమును గూర్చి చెప్పవలసినదంతయు నాకు ముందు మాటలాడినవారు చెప్పియున్నారు. నేను లెక్కలు వ్రాయువాడనే గాని పండితుడను గాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ బీరువాలు పెట్టిన భిక్షయే. కార్యదర్శిగారు నన్ను భారతమునుండి ఏదైన చెప్పుమని కోరిరి. చెప్పెదను. కాని అంతకుముందు మిమ్ము ఒకమారు జపాను దేశమునకు తీసికొనిపోవలసియున్నది. కారణము విన్నవించెదను.

గడచిన సంక్రాంతికి మన ఊరి యువకుడొకడు విదేశమునుండి వచ్చెను. ఆతని తల్లి పట్నములో ఒక వృద్ధాశ్రమమున నున్నది. ఆమె కుమారుని గుర్తింపలేదు. కాని సాయంకాలమగునప్పటికి "దూడకు కుడితి పెట్టితిరా?" అని అడుగుట మాత్రము మానలేదు. ఆ దూడ పోయి ముప్పదియేండ్లైనది. ఆ యువకుడు నాకడకు వచ్చి, "బాబాయిగారూ, ఇటువంటివారికొరకు జపానువారు ఒక మరబొమ్మను చేసినారట. ప్రాణమున్నదానివలె కదలునట. కొని పంపుదునా? పంపినచో అమ్మను మోసగించినట్లగునా?" అని అడిగెను. నేను ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. పుస్తకములు, పత్రికలు తిరుగవేసి, ఇన్నినెలలు ఆలోచించి, నాకు తోచిన సమాధానమును నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

మొదట వ్యాధిని గూర్చి రెండు మాటలు. దీనిని డిమెన్షియా అందురు. తెలుగున చిత్తవైకల్యమని వ్రాయుచున్నారు. మనము ఇండ్లలో దీనిని చాదస్తమనియో, మొండితనమనియో అనుచున్నాము. అది తప్పు. ఇది మెదడునకు వచ్చు వ్యాధి. దీనికి కారణములు పెక్కు గలవు. వానిలో అన్నిటికంటె ఎక్కువగా కానవచ్చునది, 1906లో ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించిన వ్యాధి. దీనిని పూర్తిగ మాన్పు మందు లేదు. 2021లో లోకమంతట 5 కోట్ల 70 లక్షలమందికి చిత్తవైకల్య మున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. మన దేశములో అరువదేండ్లు దాటినవారిలో 88 లక్షలమంది కుండునని 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. జపానువారు ఈ వ్యాధికి పూర్వము వాడిన పేరు రోగిని కించపరచుచున్నదని 2004లో ఆ పేరునే మార్చివేసిరి. మనము ప్రభుత్వపు ఉత్తరువుకొరకు ఎదురుచూడనక్కరలేదు; నేటినుండియే చాదస్తమను మాటను మానవచ్చును.

ఈ వ్యాధిలో సాధారణముగ నిన్నటి సంగతి ముందు పోవును. చిన్ననాటిది చాలకాలము నిలుచును. మనుష్యుల పేర్లు మరచినను, ప్రేమ, భయము, దిగులు వెంటనే పోవు. వచ్చినవారెవరో తెలియకపోవచ్చును, వచ్చినవారు విసుగుకొనినది తెలియును. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథ అంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇక మరబొమ్మ. దాని పేరు పారో. జపానులో తకనోరి షిబతా అను శాస్త్రజ్ఞుడు 1993లో ఈ పనికి పూనుకొనెను. మంచు సముద్రములలో నుండు సీల్ అను జంతువు పిల్ల రూపమున దానిని చేసిరి. తెల్లని మెత్తని బొచ్చు, పెద్ద నల్లని కన్నులు. బరువు రెండున్నర కిలోలకు పైచిలుకు, అనగా ఒడిలోని పసిబిడ్డంత. చర్మము క్రింద స్పర్శను తెలిసికొను పరికరము లున్నవి. వెలుతురును, ధ్వనిని, వేడిని, తన్ను ఎత్తుకొన్నారో పడవేసినారో కూడ అది కనిపెట్టును. నిమిరిన తల త్రిప్పును, కన్నులార్పును, సన్నగా కూయును. ఏ చేష్ట చేసినప్పుడు నిమిరిరో ఆ చేష్టను మరల చేయ జూచును. కొట్టిన, దానిని మానుటకు యత్నించును. పిలుచుచుండిన పేరును నేర్చుకొనును. విద్యుత్తు నెక్కించు సాధనము పసిపిల్లల నోటిపీకవలె నుండును.

కుక్కనో పిల్లినో చేయక సీల్ పిల్లనే చేయుటకు కారణమేమి? కుక్క అందరికి తెలిసిన జంతువు. బొమ్మకుక్కను చూడగనే నిజమైన కుక్కతో పోల్చి, ఇది కుక్క గాదని త్రోసివేయుదురు. సీల్ పిల్లను ఎత్తుకొని పెంచినవారు లేరు గనుక ఆ పోలిక రాదు. షిబతాగారి ఈ యుక్తి మెచ్చదగినది.

ఇది జపాను వృద్ధగృహములనుండి డెన్మార్కు మొదలగు దేశముల వృద్ధగృహములకును పోయినది. 2009లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిని వైద్యపరికరముల కోవలో చేర్చినది. అమెరికాలో వెల సుమారు 6,000 డాలర్లుగా నుండెను. మన లెక్కలో ఐదులక్షల రూపాయలకు తక్కువ కాదు.

ఐదులక్షలకు తగిన ఫలమున్నదా? లెక్క వ్రాయువాడు ఈ ప్రశ్న అడుగక మానడు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండు రాష్ట్రములో 28 సంరక్షణ గృహములందు, 415 మంది వృద్ధులతో చేసిన పరీక్షాఫలితములను 2017లో ప్రకటించిరి. వారిని మూడు తెగలుగ విభజించిరి. ఒక తెగకు పారోను, వారమునకు మూడుమారులు, పదునైదేసి నిమిషములు, పదివారములపాటు ఇచ్చిరి. రెండవ తెగకు అదే బొమ్మను, మర పనిచేయకుండ ఆపి ఇచ్చిరి. మూడవ తెగకు మామూలు సేవయే. మామూలు సేవతో పోల్చినప్పుడు పారోను పొందినవారిలో సంతోషము కొంత హెచ్చినది, అలజడి కొంత తగ్గినది. పారోను చూచుచు, దానితో మాటలాడుట కదలని బొమ్మ పొందినవారికంటె ఎక్కువ. కాని ఆ కదలని బొమ్మయు ఏమియు చేయకపోలేదు; అదియును ముఖములోని నిర్లిప్తతను తగ్గించినది. అలజడిని మరియొక కొలబద్దతో కొలిచినప్పుడు మూడు తెగలకును భేదము కానరాలేదు. కావున ఫలమున్నది గాని, పెద్దది కాదు. అందు కొంత మరది, కొంత మెత్తని బొమ్మది.

దీనినుండి నేను గ్రహించిన దేమనగా: వ్యాధిగ్రస్తులకు అందరును సేవచేయువారే. అన్నము పెట్టుదురు, స్నానము చేయింతురు, పరుండబెట్టుదురు. వారి సేవను పుచ్చుకొనువా రొక్కరును లేరు. జీవితమంతయు పదిమందికి వడ్డించిన చేయి ఊరకుండలేదు. ఒడిలో ఏదో ఒకటి ఉన్నప్పుడు ఆ చేతికి పని దొరకును. మన తల్లి అడుగుచున్న దూడయు అట్టిదే గదా!

ఆక్షేపణ చేసినవారును గలరు. రాబర్ట్ స్పారో అను తత్త్వవేత్త 2002లోనే ఇట్టి యంత్రజంతువులను విమర్శించుచు, ప్రాణములేని దానిని ప్రాణమున్నదని భ్రమపడినప్పుడే వానివలన సుఖము కలుగుననియు, భ్రమపై కట్టిన సుఖము మేలు కాదనియు వాదించెను. అమెరికాలో షెర్రీ టర్కిల్ అను ఆచార్యురాలు 2011లో వెలువరించిన గ్రంథములో, కుమారునివలన దుఃఖపడిన ఒక వృద్ధురాలు పారోను నిమురుచు ఓదార్చుటను వర్ణించి, ఆమె దుఃఖమును వినవలసిన మనుష్యు లెక్కడికి పోయిరని వ్యథపడెను. ఈ రెండు మాటలును త్రోసివేయదగినవి కావు.

ఇప్పుడు భారతమునకు వచ్చుచున్నాను. తిక్కనగారు తెనిగించిన స్త్రీపర్వములోని ఘట్టము మీరెరుగుదురు. యుద్ధము ముగిసినది. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గ్రుడ్డిరాజు భీముని కౌగిలింప చేతులు చాచెను. ఆ కౌగిలిలో ఏమున్నదో కృష్ణు డెరుగును. భీముని ప్రక్కకు త్రోసి, ఇనుప ప్రతిమను ముందు నిలిపెను. రాజు దానిని నుగ్గుచేసెను; వెంటనే భీముడు పోయెనని విలపించెను. ఇది మోసము కాదా? మోసమే. కాని మనము దానిని తప్పుపట్టుట లేదు. ఏలయన, కథ అక్కడ ముగియలేదు. కృష్ణుడు నిజము చెప్పెను. తరువాత నిజమైన భీముడు ఆ చేతులలోనికి వచ్చెను. అర్జునుడును, కవలలును వచ్చిరి. ముసలిరాజు ఏడ్చుచు వారిని తాకి దీవించెను. ఇనుప భీముడు ఒక్క కఠినక్షణమును దాటించెను. ఆ క్షణము తరువాత నిజమైన భీముడు రాకపోయినచో, కృష్ణుడు చేసినది వట్టి వంచనయే అయి యుండును.

అచ్చట ఉన్నది కోపము, ఇచ్చట ఉన్నది ప్రేమ. అచ్చట నిజము చెప్పగలిగిరి, ఇచ్చట చెప్పినను నిలువదు. ఈ భేదములను నేనెరుగుదును. అందువలననే రెండవ భాగము, అనగా నిజమైన బిడ్డ వచ్చుట, ఇచ్చట మరింత అవసరము.

కావున ఆ యువకునికి నా సమాధానమిది. నాయనా, బొమ్మను పంపవచ్చును, పాపము లేదు. కాని ఐదులక్షలు పెట్టుటకు ముందు ఒక మెత్తని గుడ్డబొమ్మను, వీలైన దూడబొమ్మను, ఇచ్చి చూడుము. వత్తులు చేయుటకు ప్రత్తిని, గింజలు తీయుటకు చింతపండును దగ్గర కూర్చుండి ఇచ్చి చూడుము. ఆమె ఇష్టపడనిచో బలవంతము చేయవలదు. దూడ ఏదని అడిగినప్పుడు, అది చచ్చి ముప్పదియేండ్లైనదని వాదింపవలదు. ఆ దూడ కథ చెప్పుమని అడుగుము. మరియు నీవు రమ్ము. ఆమె నిన్ను గుర్తింపకపోయినను రమ్ము. ఎవరో తెలియని మంచి పిల్లవాడొకడు వచ్చి కూర్చుండెనన్న సంతోషమైనను ఆమెకు మిగులును.

నా వృత్తిభాషలో చెప్పెదను. తల్లిదండ్రుల ఋణపు పద్దులో ఈ బొమ్మను వడ్డీ క్రింద జమకట్టవచ్చును. అసలు తీరినట్లు మాత్రము వ్రాయరాదు.

తుదకు కార్యవర్గమువారికి ఒక మనవి. మన ఊరిలోను ఇట్టి పెద్దలున్నారు. గడప దాటనీయక, మాటలాడువారు లేక ఉన్నారు. చిన్ననాడు నేర్చిన పాటలు, పద్యములు ఇట్టివారిలో పెక్కుమందికి చాలకాలము నిలిచియుండును. ఈ రజతోత్సవ జ్ఞాపకముగ, వారమునకు రెండు సాయంకాలములు ఈ అరుగుమీద వారికొరకు ఒక గంట చదువు ఏర్పాటు చేయుదము. చదువుటకు నేను సిద్ధముగ నున్నాను. వారిని చేయిపట్టి తీసికొనివచ్చు యువకులు నలుగురు కావలెను. వినుచు నిద్రించినను సరియే, నడుమ దూడను అడిగినను సరియే. దీనికి ఐదులక్షలు అక్కరలేదు. ఒక దీపము, రెండు చాపలు చాలును.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూచుగాక! ఆనాటికి పెద్దవారమై మతి తప్పిన మనకు చదివి వినిపించు వాడొకడు ఇచ్చట ఉండుగాక!