యుద్ధ సమయంలో వార్త: యానాం యువ విలేకరులతో మా మాటలు

యుద్ధం యానాంకు చాలా దూరమని అనుకుంటాం. కానీ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతో పాటు మన పక్కనున్న కాకినాడ మీదా బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే మునిగిపోయింది.

ఘాజీ వచ్చింది విక్రాంత్ నౌకను వెతుక్కుంటూ. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు నమ్మేలా మన నౌకాదళం తప్పుడు సంకేతాలు పంపింది. నిజానికి అది అండమాన్ వైపు ఉంది. ఘాజీని మన రాజ్‌పుత్ నౌక ముంచిందని భారత్ చెప్పింది. ప్రమాదవశాత్తు పేలుడు జరిగి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. యుద్ధంలో ఉన్నవాళ్లు గెలుపు కోసం మాట్లాడతారు, మనవాళ్లయినా సరే. అందుకే ఆ మాట ఎవరన్నారో చెప్పకుండా వార్త రాయకండి.

2025 మే 7న పూంఛ్‌లో పాకిస్తాన్ ఫిరంగి దాడిలో ఒక ముస్లిం ఉపాధ్యాయుడు చనిపోయారు. కొన్ని జాతీయ ఛానళ్లు ఆయన్ని ఉగ్రవాదిగా చూపించాయి. అది అబద్ధమని పోలీసులే ప్రకటించాల్సి వచ్చింది. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఆ నింద కూడా మోశారు. అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞను మనం సండేస్కూల్లోనే నేర్చుకున్నాం కదా!

అయితే తెలిసినవన్నీ చెప్పేయాలని కూడా కాదు. 2008 ముంబై దాడుల్లో టీవీ ప్రత్యక్ష ప్రసారాలు చూస్తూ, పాకిస్తాన్‌లో ఉన్నవాళ్లు ఉగ్రవాదులకు ఫోన్లో సూచనలిచ్చారు. 2025 ఏప్రిల్ 26న కేంద్రం బలగాల కదలికలను ప్రత్యక్షంగా చూపవద్దని కోరింది. అది న్యాయమే. ప్రాణాలకు ముప్పుంటే ఆగండి. కానీ ఆగిన చోటును కల్పనతో నింపకండి.

మా తప్పు కూడా చెప్పాలి. ఆ మే నెలలో, కరాచీ రేవు ధ్వంసమైందన్న వార్త మా వాట్సాప్ గ్రూపులోనూ తిరిగింది. అలాంటిదేమీ జరగలేదని తెలిశాక దాన్ని తీసేశాం. కానీ, "మేం పంపింది తప్పు" అని ఎవరికీ చెప్పలేదు. చదివినవాళ్లు దాన్ని నమ్ముతూనే ఉండిపోయారు.

మీలో చాలామంది ఇంకా ఏ పత్రికలోనూ చేరలేదు. అయినా ఫోను చేతిలో ఉంది, ఇంట్లోవాళ్లు మీ మాట నమ్ముతారు. తెలియకపోతే తెలియదనండి. తప్పు పోతే, వార్త పంపినంత గట్టిగానే సవరణా పంపండి. మేమూ ఇకపై అలాగే చేస్తామని మీ ముందు మాటిస్తున్నాం.