పెద్దాయన అడిగిన ప్రశ్న



నేను పాథాలజిస్టుని. రోగుల ముఖాలకంటే వాళ్ల కణాలనే ఎక్కువగా చూసినదాన్ని. అలాంటి నా గదికి ఒకరోజు ఓ పెద్దాయన రిపోర్టు పట్టుకుని నేరుగా వచ్చేశాడు. ప్రొస్టేట్ క్యాన్సర్ అని నేను రాసిన రిపోర్టే అది. "డాక్టరమ్మా, నలభై ఏళ్లప్పుడు నాకు ఒంటికి పోయేటప్పుడు మంట, చలిజ్వరం వచ్చి నెల్లాళ్లు మందులు మింగాను. అప్పటి ఆ జబ్బే ఇప్పుడు ఇట్టా అయిందా?" అని అడిగాడు. "అలాంటి సంబంధమేమీ లేదండీ" అని చెప్పి పంపేశాను.

ఆ జవాబు తప్పు. "ఇంకా తేలలేదండీ" అనాల్సింది. ఆ సాయంత్రం ఆయన స్లైడు మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టాను. క్యాన్సర్ కణాలకు పక్కనే వాపు (ఇన్‌ఫ్లమేషన్) కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. నా రిపోర్టులో వాటి గురించి ఒక్క ముక్క లేదు. ఆ రిపోర్టు ఇచ్చినందుకే ఇవాళ ఇన్ఫెక్షన్‌కు, ఈ క్యాన్సర్‌కు సంబంధం ఉందా అన్న విషయం వైద్య పట్టాలు అందుకుంటున్న మీ ముందు మాట్లాడాలనుకున్నాను.

ప్రొస్టేట్ పెద్ద ఉసిరికాయంత గ్రంథి. మూత్రనాళం దాని మధ్యలోంచి పోతుంది కాబట్టి ఆ దారిన బాక్టీరియా లోపలికి చేరడం తేలిక. 2022 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 14 లక్షల 60 వేల మందికి పైగా ఈ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. వయసు, వంశం, హార్మోన్లు అని చదువుకున్నాం. అవి నిజమే. కానీ 1999లో జాన్స్ హాప్కిన్స్‌లో ఏంజెలో డి మార్జో, ఆయన సహచరులు ఇంకో సంగతి చూపించారు. గ్రంథిలో కొన్నిచోట్ల కణాలు చిక్కిపోయి ఉంటాయి. మామూలుగా చిక్కిపోయిన కణం విభజన మానేస్తుంది. ఇవి మాత్రం చుట్టూ వాపు కణాలను పెట్టుకుని జోరుగా విభజన చెందుతున్నాయి. దెబ్బ తగలడం, మానడం, మళ్లీ తగలడం. ఈ తిరుగుడులో ఎక్కడో డీఎన్ఏ చెడుతుందేమో అన్నది వాళ్ల అనుమానం.

మరి దెబ్బ కొడుతున్నదెవరు? 2005లో ఆస్ట్రేలియాలో రొనాల్డ్ కోహెన్ బృందం క్యాన్సర్‌తో తీసేసిన 34 గ్రంథులను పరీక్షిస్తే 12 గ్రంథుల్లో మొటిమలకు కారణమయ్యే బాక్టీరియా పెరిగింది. మీలో చాలామంది రెండు మూడేళ్ల కిందటి దాకా అద్దం ముందు తిట్టుకున్న ఆ సూక్ష్మజీవే! అయితే అది ప్రతి మనిషి చర్మం మీదా ఉంటుంది. కోసే చేతి నుంచి, చర్మం నుంచి ముక్కలోకి చేరిందేమో అన్న సందేహం ఇప్పటికీ వెంటాడుతూనే ఉంది.

అంతకంటే నన్ను కదిలించింది 2021లో హాప్కిన్స్ బృందమే ప్రచురించిన పని. ఈ. కోలైలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది డీఎన్ఏ రెండు పోగులనూ పట్టి తెంపుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్లలో తరచూ కనిపించే ఒక జన్యు అతుకు ఉంది. విడివిడిగా ఉండాల్సిన రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల వచ్చేది. ఇన్ఫెక్షన్ సోకిన గ్రంథిలో, ఇంకా క్యాన్సర్ కాని ఆ చిక్కిపోయిన కణాల్లోనే ఆ అతుకు వాళ్లకు కనిపించింది. అంటే దొంగ దొరకలేదు గానీ, తెంపిన తాళం, పక్కనే పలుగు కనిపించాయి. మరుసటి ఏడాది ఇంగ్లండులో నార్విచ్ పరిశోధకులు 600 మందికి పైగా రోగుల మూత్రాన్ని, కణజాలాన్ని వెతికి, గాలి లేని చోట బతికే ఐదు ప్రజాతుల బాక్టీరియాకు తీవ్రమైన ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పొత్తు కనిపిస్తోందన్నారు. వాళ్లు కొత్తగా కనిపెట్టిన ఒక బాక్టీరియాకు బాబ్ చాంపియన్ పేరు మీదున్న ట్రస్టును తలచుకుంటూ పేరు పెట్టారు. వృషణాల క్యాన్సర్ నుంచి కోలుకుని 1981లో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం గెలిచిన రౌతు ఆయన.

పొత్తు ఉందంటే కారణమని కాదు. బాక్టీరియా క్యాన్సర్ తెచ్చిందా, క్యాన్సర్ వల్ల పాడైన గ్రంథిలో బాక్టీరియా కాపురం పెట్టిందా? దీన్ని తేల్చడం ఎంత కష్టమో రెండు అధ్యయనాలు చెబుతాయి. అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ చివర్లో, ప్రొస్టేట్ కోసం రక్తంలో కొలిచే పీఎస్ఏ పెరగకపోయినా సరే, బయాప్సీ చేశారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 86 శాతం మందికి గ్రంథిలోని మంచి భాగంలో వాపు కనిపించింది. లేనివాళ్లలో 78 శాతం మందికి. తేడా ఉంది. కానీ క్యాన్సర్ లేనివాళ్లలోనూ వాపు ఎంత మామూలో చూడండి! ఇక రెడ్యూస్ అనే మరో ట్రయల్‌లో మొదటి బయాప్సీలో వాపు ఉన్నవాళ్లకు తర్వాత క్యాన్సర్ తక్కువగానే బయటపడింది. వాపు వల్ల పీఎస్ఏ పెరుగుతుంది, పీఎస్ఏ పెరిగితే బయాప్సీ చేస్తాం, వెతికినచోట దొరుకుతుంది. ఈ మెలికను విడదీయకుండా ఏ లెక్కా నమ్మకండి.

నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించే కథ ఒక ఓటమి కథ. 2006లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాబర్ట్ సిల్వర్‌మన్, శాన్ ఫ్రాన్సిస్కోలో జో డెరిసి బృందాలు ప్రొస్టేట్ క్యాన్సర్ కణజాలంలో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే కొత్త వైరస్‌ను కనిపెట్టాయి. ప్రపంచమంతా సంబరపడింది. 2011లో అసలు సంగతి తేలింది. ఒక రోగి కణితిని 1990ల్లో ప్రయోగశాల ఎలుకల్లో పెంచారు. అక్కడ రెండు ఎలుక వైరస్ ముక్కలు కలిసి ఈ వైరస్ పుట్టింది. ఆ కణాలు చేతులు మారుతూ ఎన్నో ప్రయోగశాలలకు పాకాయి. మనుషుల్లో అది లేదు. సిల్వర్‌మన్ వాళ్లు దీన్ని దాచిపెట్టలేదు. తమ పాత నమూనాలను, కొత్తవాటిని తామే మళ్లీ పరీక్షించి, 2012లో ఎక్కడా ఆధారం లేదని ప్రచురించారు. మొదటి పత్రం ఉపసంహరణ అయింది. ఎన్నేళ్ల శ్రమ, ఎంత పేరు! అయినా నిజం వైపే నిలబడ్డారు. నార్విచ్ వాళ్లదీ ఇదే గుణం. రకరకాల క్యాన్సర్లలో బాక్టీరియా డీఎన్ఏ దొరికిందని 2020లో ఒక ప్రముఖ పత్రికలో వచ్చిన పత్రం చెబితే, మనిషి డీఎన్ఏనే బాక్టీరియాదిగా లెక్కించారని 2023లో వేలెత్తి చూపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. బాక్టీరియా ఉందని తేలితే తమ వాదనకే బలం అయినా సరే. ఆ పత్రాన్ని 2024లో వెనక్కి తీసుకున్నారు.

రేపు మీ ఓపీకి పీఎస్ఏ కాస్త పెరిగిన మనిషి వస్తాడు. మంట లేదు, జ్వరం లేదు. "ఇన్ఫెక్షనేమో, రెండు వారాలు యాంటీబయోటిక్ వాడి చూద్దాం" అని రాయబోతారు. రాయకండి. లక్షణాలు లేని మనిషికి అలా ఇవ్వొద్దని అమెరికా యూరాలజిస్టుల సంఘం 2013లోనే స్పష్టంగా చెప్పింది. తేలని సిద్ధాంతం పేరిట మందులు మింగిస్తే పేగుల్లో మొండి బాక్టీరియాను పెంచి పోషించినవాళ్లమవుతాం. నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం సగంలో ఆపకుండా పూర్తిగా వైద్యం చేయండి.

యాంటీబయోటిక్, క్యాన్సర్ అనగానే నాకు గుర్తొచ్చే పేరు ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసు వైద్య కళాశాలలో మీకు ఇవాళ దక్కిన ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నాడు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ వచ్చింది. ల్యుకేమియాకు తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ కూడా. బాక్టీరియాను, క్యాన్సర్‌ను రెంటినీ ఒకే కప్పు కింద ఎదుర్కొన్న తెలుగువాడు. ఈ రెండింటి మధ్య దారి ఉందో లేదో తేల్చే పని ఇంకా మిగిలే ఉంది.

మీలో పాథాలజీలోకి వచ్చేవాళ్లకు నాదొక్క విన్నపం. ప్రొస్టేట్ బయాప్సీ చూసినప్పుడు క్యాన్సర్ గ్రేడుతో ఆగకండి. వాపు ఉందా, ఎక్కడ ఉంది, ఎంత ఉంది, చిక్కిపోయిన కణాలకు ఆనుకుని ఉందా, ఆ నాలుగు మాటలూ రిపోర్టులో రాయండి. యూరాలజీకి వెళ్లేవాళ్లు పాత ఇన్ఫెక్షన్ల సంగతి అడిగి కేసు షీటులో ఎక్కించండి. ఆ పెద్దాయన అడిగినట్టు మిమ్మల్ని ఎవరైనా అడిగితే, దయచేసి ఆయన్ని నాలాగా పంపేయకండి. కూర్చోబెట్టి, తెలిసినంత చెప్పండి.