కఱ్ఱ యెవరి కొఱకు?



మనము కూడియున్న యీ దేవరగట్టుపై విజయదశమినాటి రాత్రి జరుగు బన్ని యుత్సవమును చూడనివారు మీలో నుండరు. నెరణికి, నెరణికితండా, కొత్తపేట గ్రామములవారు మాళ మల్లేశ్వరస్వామి యుత్సవమూర్తులకు కాపుగా కఱ్ఱలు చేతబూని కాగడాల వెలుగున నడతురు. పూర్వ మడవిదారిలో దొంగలనుండియు మృగములనుండియు కాపాడుటకే యీ కఱ్ఱలు పట్టిరని పెద్దలందురు. నేడో, ఆ కఱ్ఱ తగిలి యేటేట పలువురి తలలు పగులుచున్నవి. కాపునకు బూనిన కఱ్ఱ కొట్టుటకు మఱలుట యుత్సవములందే కాదు, ఉద్యమములందును గలదు. అందులకు దృష్టాంత మొకటి మనవిచేయుచున్నాము.

ఈ ఆదోని, ఆలూరు తాలూకాలు 1953వ సంవత్సరమువఱకు బళ్లారి జిల్లాలో జేరి చెన్నపట్టణపు పాలనలో నుండెడివి. ఆ పట్టణమున 1916వ సంవత్సరము నవంబరులో దేవాంగకులజులగు పిట్టి త్యాగరాయశ్రేష్ఠిగారును, డాక్టరు టి. ఎం. నాయరుగారు మొదలగువారును గూడి బ్రాహ్మణేతరుల సంఘము నొకదానిని స్థాపించిరి. దానినే జనులు జస్టిసుపార్టీ యనిరి. జనసంఖ్యలో అత్యధికులగు కులములకు చదువులందును కొలువులందును న్యాయమగు భాగము గావలెనన్నదే వారి వాదము. 1920లో ఎన్నికలు గెలిచినపుడు గవర్నరు ముఖ్యమంత్రి పదవి నీయజూపగా త్యాగరాయశ్రేష్ఠిగారు వలదనిరి. గద్దె వాకిటికి వచ్చినను కాదన్న పురుషు లెందఱు?

ఆ ప్రభుత్వమువలన మేలు కలుగలేదని మేమనము. 1921లో కొలువులను కులములవారిగా పంచు ఉత్తరువు వెలువడినది. పానగల్లు రాజావారి కాలముననే, 1926లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. ఇది మఱచినచో కృతఘ్నులమగుదుము.

కాని జరిగిన తక్కిన కథ వినుడు. 1921లో చెన్నపట్టణపు బకింగుహాము, కర్ణాటక మిల్లుల సమ్మెలో ఆదిద్రావిడ కార్మికులు పనిమానక నిలువగా, పార్టీ పెద్దలు వారికి ప్రతికూలముగా మాటాడిరి. 1923లో ఆదిద్రావిడ నాయకులు ఎం. సి. రాజాగారు పార్టీని విడిచిరి. ఆ యేడే కట్టమంచి రామలింగారెడ్డిగారును వేరై మంత్రివర్గముపై అవిశ్వాసతీర్మానము తెచ్చిరి. 1932లో జమీందారులు మునుస్వామినాయుడుగారిని దింపి బొబ్బిలి రాజావారి నెక్కించిరి. రైతు క్షామముతో పన్ను చెల్లింపలేని యా దినములలో మంత్రి జీతము నెలకు 4,333 రూపాయలు. తుదకు 1937లో ప్రజలు తీర్పు చెప్పిరి. శాసనసభలో 215 స్థానములకు 159 కాంగ్రెసుపరమైనవి. బొబ్బిలి రాజావారు తమ బొబ్బిలిలోనే వి. వి. గిరిగారి చేతిలో ఓడిరి.

వీరందఱు మొదటినుండి దుర్మార్గులా? కాదు. ఆ కాలమున ఆస్తియు పన్నును గలవారికే ఓటు. అందుచే నే బీదలపేర హక్కు లడిగిరో ఆ బీదలకు లెక్క చెప్పవలసిన పని వారికి లేకపోయెను. లెక్క చెప్పని చోట “మనకు” అన్నమాట “మావారికి” అగును. “మావారికి” అన్నది “నాకు” అగును. ఈ మూడు మెట్లు దిగుటకు ఇరువదియేండ్లు చాలినవి. గద్దెనెక్కిన యే పక్షమునకును ఈ జాడ్యము తప్పదు. కులసంఘములకు మొదలే తప్పదు.

కావున మనలను మనమే యడుగుకొందము. మన కులము వెనుకబడినదని చెప్పి తెచ్చుకొన్న వసతులు, విద్యార్థివేతనములు ఎవరి యింటికి చేరుచున్నవి? ఆదోనిలో మేడ గట్టినవాని కొడుకునకా, గొఱ్ఱెలవెంట బీళ్లలో తిరుగువాని కూతునకా? మేమును ఈ వేదికపై కూర్చున్నవారమే. ఈ ప్రశ్న ముందుగా మాకే తగులును.

మూడు కోరికలు సభముం దుంచుచున్నాము. సంఘపు జమాఖర్చులు ఏటేట గ్రామసభలలో అందఱు వినునట్లు చదువవలెను. రెండు తడవలకు మించి యెవరును అధ్యక్షపదవిలో నుండరాదు. చదువుకొన్నవా డొక్కడును లేని యింటిబిడ్డకే మొదటి సహాయ మందవలెను. పోషకులు విరాళముతోడనే లెక్కయు నడుగవలెను. అది యవమానము గాదు, సంఘమునకు రక్ష.

కాపరి చేతిలోను కఱ్ఱ కలదు. అది తోడేలు వచ్చినపు డెత్తుటకు, దారితప్పిన గొఱ్ఱెను మళ్లించుటకు. మందను బాదుటకు గాదని మన తాతలకు చదువులేకున్నను తెలియును. ఆ తెలివి మనలను విడువకుండునట్లు మల్లేశ్వరుడు అనుగ్రహించుగాక.