దివ్య ఖుర్ఆన్‌లో సంఖ్యలు – వారసుల హక్కులు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ప్రతి వస్తువునూ ఒక నిర్ణీత పరిమాణంలో సృష్టించినవాడు, సృష్టిలోని ప్రతి దానినీ లెక్కించి ఉంచినవాడు ఆయనే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

మాన్య సోదరులారా! ముందుగా నాకు, ఆపైన మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా హితవు చెప్పుకుంటున్నాను.

ఈ మధ్య మన ఫోన్లకు ఒక రకమైన సందేశాలు తరచుగా వస్తున్నాయి. ఖుర్ఆన్‌లో ‘దినం’ అనే పదం 365 సార్లు ఉన్నదని, ‘మాసం’ అనే పదం 12 సార్లు ఉన్నదని, ఇదే ఆ గ్రంథపు మహిమ అని వాటి సారాంశం. చదివి ‘సుబ్హానల్లాహ్’ అంటాం, పదిమందికి పంపుతాం. అయితే ఆ 365 అనే లెక్క కుదరాలంటే ఏకవచన రూపాలను మాత్రమే తీసుకొని, ద్వివచన, బహువచన రూపాలను పక్కన పెట్టవలసి వస్తుంది. ముందుగానే ఫలితాన్ని నిర్ణయించుకొని, దానికి తగినట్లు పదాలను ఏరుకోవడాన్ని లెక్క అనరు. అల్లాహ్ గ్రంథానికి అటువంటి ఆసరా అవసరం లేదు.

ఈ తోవలో చివరిదాకా నడిచినవారు ఎక్కడికి చేరారో కూడా మనకు తెలుసు. 1970లలో, అమెరికాలో స్థిరపడిన రషాద్ ఖలీఫా అనే ఈజిప్టు దేశీయుడు ఖుర్ఆన్ అంతా 19 అనే సంఖ్యపై అల్లబడి ఉన్నదని ప్రకటించాడు. కొన్నాళ్లకు తౌబా సూరాలోని చివరి రెండు ఆయతులు తన లెక్కకు అడ్డు వచ్చాయి. అప్పుడు అతను తన లెక్కను దిద్దుకోలేదు, ఆ రెండు ఆయతులనే తన అనువాదం నుండి తొలగించాడు. ఆ పైన తానే దైవసందేశహరుణ్ణని చెప్పుకున్నాడు. ఆ 19 అనే సంఖ్య ముద్దస్సిర్ సూరాలో నరకాన్ని కాపలా కాసే దూతల విషయంలో వచ్చింది. దానిని ఒక పరీక్షగా చేశామని అల్లాహ్ ఆ వెంటనే, 31వ ఆయతులో, తెలియజేశాడు.

కహఫ్ సూరాను మనం ప్రతి శుక్రవారం పఠిస్తాం. గుహవాసులు ముగ్గురని కొందరు, అయిదుగురని కొందరు, ఏడుగురని మరికొందరు వాదించుకున్న వైనం అందులో ఉన్నది. వారి సంఖ్య తన ప్రభువుకే బాగా తెలుసునని చెప్పి, ఆ వాదనను లోతుకు పోనివ్వవద్దని అల్లాహ్ తన ప్రవక్తకు ఆదేశించాడు. గుహవాసుల సంఖ్య తెలిసినంత మాత్రాన మన నమాజు మారదు, మన నడవడి మారదు.

మరి తెలుసుకోవలసిన లెక్క ఏది? దానిని ఖుర్ఆన్ ఎక్కడా దాచలేదు. సూర్యచంద్రులను నియమబద్ధం చేసి, చంద్రునికి దశలు ఏర్పరచినది సంవత్సరాల గణనను, లెక్కను మీరు తెలుసుకోవడానికేనని యూనుస్ సూరా 5వ ఆయతు చెబుతున్నది. మాసాలు పన్నెండు అని తౌబా సూరా చెబుతున్నది. ఉపవాసాలు, హజ్, వితంతువు గడువు, అప్పు గడువు అన్నీ ఈ లెక్కపైనే నడుస్తాయి. దీనికి పెద్ద పాండిత్యం కూడా అక్కరలేదు. తాము రాయడం, లెక్కించడం తెలియని సమాజమని చెప్పి, మాసానికి ఒకప్పుడు 29 రోజులు, ఒకప్పుడు 30 రోజులు అని మహాప్రవక్త (స) తన చేతివేళ్లు చూపి వివరించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది.

అలా వేళ్లపై లెక్కించుకున్న సమాజానికే అల్లాహ్ భిన్నాలను అవతరింపజేశాడు. నిసా సూరా 11, 12 ఆయతులను, అదే సూరాలోని చివరి ఆయతును తెరచి చూడండి. సగం, నాల్గవ వంతు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు వంతులు, మూడవ వంతు, ఆరవ వంతు – ఈ ఆరు భాగాలు స్పష్టంగా, పేరుపేరునా చెప్పబడి ఉన్నాయి. నమాజులో రకాతులు ఎన్నో ఖుర్ఆన్ చెప్పలేదు, జకాత్ ఎంత శాతమో చెప్పలేదు. వాటిని ప్రవక్త (స) ద్వారా నేర్పించాడు. కాని కూతురి వాటా ఎంతో, తల్లి వాటా ఎంతో, భార్య వాటా ఎంతో గ్రంథంలోనే రాసి పెట్టాడు. ఎందుకంటారా? ఆ ఆయతు అవతరించిన సందర్భాన్ని ఆలకించండి.

హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ యుద్ధం జరిగింది. అందులో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) అమరుడయ్యారు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. ఆయన సోదరుడు వచ్చి, అప్పటి ఆచారం ప్రకారం, ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆ వితంతువు ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని మహాప్రవక్త (స) సన్నిధికి వచ్చి, వీరి తండ్రి మీతోపాటు యుద్ధానికి వచ్చి అమరుడయ్యారని, వీరి బాబాయి ఏమీ మిగల్చలేదని, ఆస్తి లేకపోతే వీరికి పెళ్లిళ్లు కావని మొరపెట్టుకున్నది. అల్లాహ్ దీనిపై తీర్పు ఇస్తాడని ప్రవక్త (స) ఆమెకు చెప్పారు. అప్పుడు వారసత్వ ఆయతు అవతరించింది. ఆయన ఆ సోదరుణ్ణి పిలిపించి, ఇద్దరు కూతుళ్లకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదవ వంతు ఇవ్వమని, మిగిలినది నీదని ఆదేశించారు. తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో ఈ ఉదంతం ఉన్నది.

ఆస్తిని 24 భాగాలు చేయండి. కూతుళ్లకు 16, భార్యకు 3, సోదరునికి 5. నిన్నటి వరకు 24 భాగాలూ తనవే అనుకున్న మనిషి చేతిలో అయిదు మిగిలాయి. ఒక నిస్సహాయురాలి మొరకు ఆకాశం నుండి వచ్చిన జవాబు ఒక భిన్నం రూపంలో వచ్చింది. ఆడపిల్లలపై దయ చూపండి అని మాత్రమే చెప్పి ఉంటే, ఆ సోదరుడు రెండు దిర్హములు చేతిలో పెట్టి దయ చూపానని అనుకొని ఉండేవాడు. ‘మూడింట రెండు వంతులు’ అన్న తరువాత తప్పించుకునే సందు లేదు.

సహచరుల కాలానికే ఈ లెక్కలు క్లిష్టమయ్యాయి. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఒక స్త్రీ మరణించింది. వారసులు భర్త, ఇద్దరు అక్కచెల్లెళ్లు. భర్తకు సగం, అక్కచెల్లెళ్లకు మూడింట రెండు వంతులు. కలిపితే ఆరు భాగాల ఆస్తికి ఏడు భాగాల హక్కుదారులు! ఆయన సహచరులతో సంప్రదించి, ఎవరినీ వెలివేయకుండా, ఆస్తిని ఏడు భాగాలు చేసి భర్తకు 3, వారికి 4 ఇప్పించారు. అప్పులవాళ్లకు ఆస్తి చాలనప్పుడు అందరికీ దామాషాలో తగ్గించినట్లే ఇది. దీనినే ‘ఔల్’ అంటారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఈ పద్ధతితో ఏకీభవించలేదు, కాని అధికసంఖ్యాక ధర్మవేత్తలు దీనినే స్వీకరించారు. హజ్రత్ అలీ (రజి) మింబర్‌పై ఖుత్బా ఇస్తుండగా ఒకరు ఇటువంటి ప్రశ్ననే అడిగారు: భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి, తండ్రి. ఆయన ఖుత్బా మధ్యలోనే భార్య ఎనిమిదవ వంతు తొమ్మిదవ వంతు అయిందని చెప్పి, ప్రసంగాన్ని కొనసాగించారని ఉల్లేఖనం. ఇంటికి వెళ్లాక వేసి చూడండి: 24 భాగాలలో 3, 16, 4, 4. మొత్తం 27. ఇరవై ఏడింట మూడు అంటే తొమ్మిదవ వంతే.

ఈ విద్యకు ‘ఇల్మె ఫరాయిజ్’ అని పేరు. అది బాగ్దాదు చేరేసరికి దానికి మరొక విద్య తోడయింది. ఖలీఫా మన్సూర్ కాలంలో, బ్రహ్మగుప్తుని సంప్రదాయానికి చెందిన భారతీయ ఖగోళ గ్రంథం అరబీలోకి వచ్చింది. తొమ్మిది అంకెలు, ఒక సున్నాతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాసే భారతీయ పద్ధతిని వివరిస్తూ ముహమ్మద్ బిన్ మూసా అల్‌ఖ్వారిజ్మీ ఒక గ్రంథం రచించారు. సంస్కృత ‘శూన్యం’ అరబీలో ‘సిఫ్ర్’ అయింది. ఇంట్లో మనం ‘సిఫర్’ అంటాం, బడిలో ‘సున్నా’ అంటాం. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. భారతీయుల నుండి నేర్చుకున్నామని ఆ ముస్లిం పండితులు దాచుకోలేదు. వాటిని భారతీయ అంకెలనే పిలిచారు.

అదే అల్‌ఖ్వారిజ్మీ 820 ప్రాంతంలో, ఖలీఫా మామూన్ ప్రోత్సాహంతో, ‘అల్‌జబ్ర్ వల్ ముఖాబలా’ గ్రంథాన్ని రచించారు. నేడు మన పిల్లలు ఆల్జీబ్రా అని చదువుకునే విద్యకు ఆ పేరు ఈ గ్రంథం నుండే వచ్చింది. ఇది ఎందుకు రాశారో ఆయన ముందుమాటలోనే చెప్పారు: వారసత్వం, వీలునామాలు, పంపకాలు, వ్యాజ్యాలు, వ్యాపారం, భూమి కొలతలు, కాలువల తవ్వకం – ఈ పనులలో ప్రజలకు అవసరమైనందున. ఆ గ్రంథంలో దాదాపు సగభాగం వీలునామాల లెక్కలే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

వాటిలో ఒకటి వినండి. ఒక వ్యక్తి మరణించాడు. ఇద్దరు కొడుకులు. ఆస్తిలో మూడవ వంతు ఒక పరాయి వ్యక్తికి ఇవ్వమని వీలునామా. చేతిలో ఉన్నది 10 దిర్హములు. మరో 10 దిర్హములు ఒక కొడుకే తండ్రికి బాకీ ఉన్నాడు. ఆ బాకీలో అతని వాటా కింద చెల్లుబాటయ్యే మొత్తం తెలియదు. తెలియని దానిని అల్‌ఖ్వారిజ్మీ ‘వస్తువు’ అన్నారు. అప్పుడు ఆస్తి పది దిర్హములు, ఒక వస్తువు. అందులో మూడవ వంతు పరాయి వ్యక్తికి, మిగిలినది ఇద్దరు కొడుకులకు సమానంగా. అంటే ముగ్గురికీ మూడవ వంతే. కాబట్టి ఒక వస్తువు, పది దిర్హములు కలిపితే మూడు వస్తువులకు సమానం. వస్తువు విలువ 5. చేతిలోని పదిలో పరాయి వ్యక్తికి 5, బాకీ లేని కొడుక్కి 5. బాకీ ఉన్న కొడుకు వాటా అతని వద్దే ఉన్నది. తండ్రికి బాకీ పడినవాడు ఆ బాకీని మరచినట్లు నటించి, చేతిలోని సొమ్ములో కూడా వాటాకు రాకూడదు. బీజగణితం అక్కడ కావలి కాసింది.

సోదరులారా! ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. తండ్రి మరణించాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు, 32 గుంటల పొలం. తల్లికి ఎనిమిదవ వంతు, అంటే 4 గుంటలు. మిగిలిన 28లో కొడుక్కి 14, కూతుళ్లకు ఏడేసి. పదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. అయినా ఎన్ని ఇళ్లలో ఆ ఏడు గుంటలు ఆడబిడ్డకు చేరుతున్నాయి? పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అంటారు. అది వారసత్వం కాదు. తండ్రి బ్రతికుండగా ఇచ్చినది వేరు, మరణించాక అల్లాహ్ ఇచ్చినది వేరు. అక్కే వద్దన్నది, హక్కు విడుదల దస్తావేజుపై సంతకం పెట్టింది అంటారు. ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పారా? వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందన్న భయంతో పెట్టిన సంతకాన్ని మనస్ఫూర్తి త్యాగం అనగలమా? అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల లోతు చుట్టబడుతుందని మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఏడు గుంటలలో జానలు ఎన్నో మీరే లెక్కించుకోండి. వారసత్వ ఆయతుల వెంటనే, 13, 14 ఆయతులలో, ఇవి అల్లాహ్ హద్దులని, వాటిని మీరేవారికి నరకాగ్ని అని అల్లాహ్ ప్రకటించాడు. పంపకం ఊసెత్తకుండా ఏళ్లు గడిపేవారికి ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

తండ్రి మరణించి పంపకం జరగని ఇళ్లవారు ఈ వారమే ఒక కాగితం తీసుకోండి. ముందుగా అంత్యక్రియల ఖర్చు, ఆ తరువాత అప్పులు రాయండి. తల్లికి చెల్లించని మహర్ ఉంటే అది కూడా అప్పే, దానిని మొదట తీర్చాలి. ఆ పైన వీలునామా ఉంటే మూడవ వంతు మించకుండా. మిగిలినదాని ఎదుట వారసులందరి పేర్లు రాయండి, పెళ్లై దూరదేశం వెళ్లిన చెల్లెలి పేరు సహా. ఆ కాగితాన్ని ఫరాయిజ్ తెలిసిన ఆలిమ్ వద్దకు తీసుకొని వెళ్లండి. ఇప్పటికే అనుభవించినవారు ఎన్నేళ్లు అనుభవించారో, ఎంత పంట తిన్నారో కూడా రాసుకొని, ఆ అక్కచెల్లెళ్ల ఇంటికి తామే వెళ్లండి.

ఈ మాటలు చెప్పి, నా కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్ క్షమాభిక్షను వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలి, కరుణామయుడు.